పరెసీదో, సెమెహాంతే, సిమిలార్: స్పానిష్ అకాడమీ ఉచిత నిఘంటువు ఎలా ఉందంటే

"స్పానిష్ నేర్చుకుంటున్నాను, ఏ డిక్షనరీ కొనమంటారు?" అని అడిగేవాళ్ళకి నేను మొదట చెప్పేది, ఇప్పుడే ఏదీ కొనకండి అని. మాడ్రిడ్‌లోని రియల్ అకదేమియా ఎస్పన్యోలా తన పెద్ద నిఘంటువు మొత్తాన్ని నెట్‌లో ఉచితంగా పెట్టింది. ఫోన్‌కి యాప్ కూడా ఉంది. పూర్తి పేరు దిక్సియొనారియో దె లా లెంగ్వా ఎస్పన్యోలా. 23వ కూర్పు 2014లో అచ్చయింది, అందులో 93 వేలకు పైగా ఆరోపాలున్నాయి (ఆరోపం అంటే నిఘంటువులో ఒక్కో మాటకీ ఇచ్చే పద్దు). నెట్‌లో ఉన్న రూపాన్ని ఏటా సవరిస్తూ వస్తున్నారు. నా ఉద్యోగంలో రోజూ వాడేది ఇదే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నేను హైదరాబాదులో ఒక మందుల కంపెనీ రెగ్యులేటరీ విభాగంలో పనిచేస్తాను. మందుల అనుమతి కోసం మెక్సికో, కొలంబియా, పెరూ, చిలీలకు వెళ్ళే ఫైళ్ళలో స్పానిష్ భాగాన్ని సరిచూడడం నా పని. చదివింది బి.ఫార్మసీ. స్పానిష్ తార్నాకలోని ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), సాయంత్రం క్లాసుల్లో మొదలైంది. ఈ పనిలో కష్టమైన మాటలు పెద్దగా ఇబ్బంది పెట్టవు. రసాయనాల పేర్లు ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. ప్రాణం తీసేవి చిన్న మాటలు. అందులోనూ ఒక వస్తువు ఇంకోదాన్ని పోలి ఉందని చెప్పే విశేషణాలు. పరెసీదో, సెమెహాంతే, సిమిలార్, ఇగ్వాల్, మీస్మో. చాలా అనువాద యాప్‌లలో ఏది కొట్టినా 'లాంటి', 'అదే విధమైన' అన్న రెండు జవాబులే తిరిగి తిరిగి వస్తాయి. ఒక నిఘంటువు ఎంత పనికొస్తుందో తేల్చుకోవడానికి ఈ ఐదు మాటలు చాలని నా అనుభవం. అందుకే ఈ సమీక్షంతా వాటి చుట్టూనే.

ముందు పరెసీదో. స్పెయిన్‌లో ఎక్కువమంది 'సీ'ని నాలుక పళ్ళ మధ్య పెట్టి 'థీ'కి దగ్గరగా పలుకుతారు. నేను మాట్లాడేది లాటిన్ అమెరికావాళ్ళతో కాబట్టి 'సీ' అనే రాస్తున్నాను. ఆరోపం తెరవగానే పైన మూలం ఉంటుంది: పరెసేర్ అనే క్రియ నుంచి వచ్చిన రూపం. పరెసేర్ అంటే కనిపించడం, అనిపించడం. మొదటి అర్థం, మనిషైనా వస్తువైనా మరొకదాన్ని పోలి ఉన్నది అని. రెండో అర్థం దగ్గర కొత్తవాళ్ళు తప్పకుండా ఆగాలి. ముందు 'బియెన్' చేరిస్తే 'బియెన్ పరెసీదో', అంటే చూడ్డానికి బాగుండే మనిషి, అందగాడు. పోలికకీ అందానికీ సంబంధమేమిటంటే మూలం చూస్తే తెలిసిపోతుంది. రెండూ కంటికి కనిపించేవే. మూడో అర్థంలో అదే మాట నామవాచకమై 'పోలిక' అవుతుంది. అక్కాచెల్లెళ్ళ ముఖాల్లో పోలిక ఉందనడానికి ఇదే వాడతారు.

ఈ ఒక్క ఆరోపం చదివితేనే పరెసీదో స్వభావం పట్టుబడుతుంది. అది చూసేవాళ్ళ కంటిని బట్టి నడిచే మాట. ఇంట్లో, బజార్లో, స్నేహితుల మధ్య ఎక్కువగా వినిపించేది ఇదే. 'నీ చొక్కా నా చొక్కాలాగే ఉందే' అనాలంటే పరెసీదో హాయిగా సరిపోతుంది. ప్రయోగశాల ఫలితానికి అది పనికిరాదు. నేను చూసిన ఫైళ్ళలో మందు గురించి పరెసీదో అని ఎవరూ రాయరు.

సెమెహాంతే ఆరోపం ఈ నిఘంటువులో నాకు అన్నిటికన్నా ఇష్టం. పోలినది అన్న మామూలు అర్థం తర్వాత రెండు మెట్లు దిగితే 'అటువంటి' అన్న అర్థం కనిపిస్తుంది. నామవాచకానికి ముందు పెట్టి 'సెమెహాంతే దిస్పరాతే!' అంటే 'అలాంటి పిచ్చి మాటా!' అని. నామవాచకం తర్వాత పెడితే మళ్ళీ మామూలు పోలికే: 'ఉనా కాసా సెమెహాంతే', అలాంటి ఇల్లు. తెలుగువాళ్ళకి ఇది నేర్పనే అక్కర్లేదు. 'నాక్కూడా అలాంటి చీర కావాలి' అన్నప్పుడు అది ఉట్టి పోలిక. 'అలాంటి మనిషితో నీకు స్నేహమా!' అన్నప్పుడు అందులో ఎంత తిట్టుందో అందరికీ తెలుసు. మనం గొంతుతో చేసే తేడాని స్పానిష్‌వాళ్ళు మాట చోటు మార్చి చేస్తారు.

ఇంకొంచెం కిందికి దిగితే లెక్కల గుర్తుతో ఇంకో అర్థం: పరిమాణం వేరైనా భాగాలన్నీ ఒకే నిష్పత్తిలో ఉన్న ఆకృతులు. మనం పదో తరగతిలో చదివిన సరూప త్రిభుజాలే స్పానిష్‌లో 'త్రియాంగులోస్ సెమెహాంతేస్'. పరెసీదో త్రిభుజాలు అన్నారంటే చూపుకి ఒకేలా ఉన్నాయని మాత్రమే అర్థమవుతుంది, కోణాల గురించి ఏ హామీ ఉండదు.

చివర్లో ఒక నామవాచకం అర్థం ఉంది. 'మిస్ సెమెహాంతేస్' అంటే నాలాంటివాళ్ళు, తోటి మనుషులు. అది చదివినప్పుడు మన 'సాటి మనిషి' గుర్తుకొచ్చి చాలా సంతోషం వేసింది. సాటి అంటే సమానం, ఈడైనది, పోలినది. సాటి రాదు అంటాం, సాటిలేని అంటాం, సాటి మనిషి అంటాం. పోలికను చెప్పే మాటతోనే పక్క మనిషిని పిలవడం రెండు భాషల్లోనూ జరిగింది. చిన్న ద్విభాషా నిఘంటువుల్లో ఈ ముక్క దొరక్కపోవచ్చు. ఏకభాషా నిఘంటువు చదివితే వచ్చే లాభం ఇలాంటి చోటే తెలుస్తుంది.

సిమిలార్ ఆరోపం చిన్నది. ఏదో ఒకదానితో పోలికో సాదృశ్యమో ఉన్నది, అంతే. కానీ సెమెహాంతే పక్కన పెట్టి మూలాలు చూస్తే కథ బయటపడుతుంది. రెండూ లాటిన్ 'సిమిలిస్' సంతానమే. ఒకటి జనం నోళ్ళలో వందల ఏళ్ళు నలిగి, 'లి' కాస్తా 'హ' అయ్యి, సెమెహార్ అనే క్రియగా, దాన్నుంచి సెమెహాంతేగా దిగింది. లాటిన్ ఫీలియుస్ ఈహో అయిందీ, ములియేర్ ముహేర్ అయిందీ ఈ దారిలోనే. రెండోది పండితులు పుస్తకాల్లోంచి, పెద్దగా మార్చకుండా తెచ్చుకున్నది. స్పానిష్‌వాళ్ళు మొదటి రకాన్ని పత్రిమొనియాల్ అనీ, రెండో రకాన్ని కుల్తీస్మో అనీ అంటారు. మనకు తద్భవం, తత్సమం అంటే చాలు. అగ్గి, అగ్ని. రాతిరి, రాత్రి. వింతేమిటంటే, మన తద్భవాలు ఎక్కువగా ఇంటి మాటలుగానే ఉండిపోయాయి. సెమెహాంతే మాత్రం తద్భవమై ఉండీ పుస్తకాల వైపు జరిగింది, ఇంటి మాట స్థానం పరెసీదోకి పోయింది. సిమిలార్ పత్రికల్లో, నివేదికల్లో, దుకాణాల్లో అంతటా ఉంటుంది.

వ్యాకరణం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పరెసీదో లింగాన్ని బట్టి మారుతుంది: పరెసీదా, పరెసీదోస్, పరెసీదాస్. సెమెహాంతే, సిమిలార్, ఇగ్వాల్ లింగానికి మారవు, బహువచనానికి మాత్రం మారతాయి. వీటి తర్వాత వచ్చే విభక్తి 'ఆ'. ఇగ్వాల్‌కి మాత్రం 'ఆ' ఉంటుంది, 'కె' కూడా ఉంటుంది. ఈ విభక్తుల సంగతి నిఘంటువులో నేరుగా చెప్పరు, ఉదాహరణల్లోంచి ఏరుకోవాలి. దానికి అదే అకాడమీ మిగతా దేశాల అకాడమీలతో కలిసి 2005లో తెచ్చిన సందేహాల నిఘంటువు, దిక్సియొనారియో పాన్ఇస్పానికో దె దూదాస్, చూడాలి. అదీ ఉచితమే. నేను రెండు ట్యాబ్‌లూ పక్కపక్కన తెరిచి ఉంచుకుంటాను.

ఇగ్వాల్ ఆరోపం మాత్రం చాలా పొడుగు. తొందరపడకుండా చదవాలి. సమానం, ఒకే రకం, మార్పులేనిది, చదునైనది, లెక్కల్లో సమాన చిహ్నం, ఇలా సాగుతుంది. వాడుకలో 'బహుశా' అన్న అర్థం కూడా ఉంది. స్పెయిన్ మనిషి 'ఇగ్వాల్ యువేవే' అంటే వాన పడొచ్చేమో అని. 'మె దా ఇగ్వాల్' అంటే నాకేదైనా ఒకటే. మన 'ఒకటే' చేసే పనిని ఇగ్వాల్ అక్కడ అచ్చంగా చేస్తోంది.

ఇక ఈ తేడాలు నా బల్ల మీద ఏం చేస్తాయో చెప్తాను. మెక్సికో ఆరోగ్య నిబంధనల్లో జనరిక్ మందుకి ఒక నిర్వచనం ఉంది. మందు పదార్థం, మోతాదు రూపం అసలు మందుతో 'మీస్మో' కావాలి, అంటే అచ్చంగా అదే. గాఢత 'ఇగ్వాల్' కావాలి. శరీరంలోకి ఇచ్చే మార్గం మళ్ళీ 'మీస్మా'. కరిగే తీరు, రక్తంలో చేరే తీరు లాంటి పరీక్షల ఫలితాలు 'ఎకివలేంతేస్', అంటే సరితూగేవి, అయి ఉండాలి. ఒక్క వాక్యంలో మూడు మాటలు, ఒక్కోటీ ఒక్కో రకం సామ్యాన్ని చెప్తుంది. పరెసీదో లేదు, సెమెహాంతే లేదు, సిమిలార్ లేదు. యంత్రం చేసిన ఒక చిత్తుప్రతిలో గాఢత దగ్గర 'సిమిలార్' పడింది. మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి దాన్ని చూసి, "అక్కా, సిమిలార్ అంటే ఏం పోయింది? రెండూ దగ్గరేగా?" అంది. "దగ్గరైతే చాలదమ్మా, అంతే ఉండాలి. గాఢత సిమిలార్ అని రాసిస్తే, ఎంత తేడా అని వాళ్ళు వెంటనే అడుగుతారు" అన్నాను. ఆరోపం తెరిచి ఇగ్వాల్ మొదటి అర్థం చదివించాను: మరో వస్తువు స్వభావమో పరిమాణమో నాణ్యతో అదే అయినది. తర్వాత సిమిలార్ చదివించాను. ఇక నేను విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది.

మెక్సికోలో సిమిలార్ అన్న మాటకి ఇంకో చరిత్ర ఉంది. 1997లో అక్కడ ఫార్మాసియాస్ సిమిలారెస్ అనే చవక మందుల దుకాణాలు మొదలయ్యాయి. వాటి నినాదం 'లో మీస్మో, పెరో మాస్ బరాతో', అదే సరుకు, కానీ ఇంకా చవక. దుకాణం పేరులో సిమిలార్, నినాదంలో మీస్మో. దుకాణం ముందు బొజ్జ వేషం కట్టుకుని డాన్సు చేసే డాక్టర్ సిమి బొమ్మ ఇవాళ అక్కడ పిల్లలకి కూడా తెలుసు, కచేరీల్లో అభిమానులు ఆ బొమ్మల్ని వేదిక మీదికి విసురుతుంటారు. అప్పట్లో మెక్సికోలో అసలు మందుతో సమానంగా పనిచేస్తుందని పరీక్షలో రుజువైన జనరిక్కులు ఒక వర్గం, ఆ రుజువు లేకుండా అమ్మే 'సిమిలారెస్' ఇంకో వర్గం. 2005లో చట్టం మార్చి, ప్రతి మందూ ఐదేళ్ళకోసారి, ఆ రుజువు చూపించి, రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలన్నారు, దానికి 2010 గడువు పెట్టారు. ఆ రెండో వర్గం అలా పోయింది. మాట మాత్రం జనంలో నిలిచింది. మెక్సికో మనిషి చెవికి సిమిలార్ పక్కన మందు వినిపిస్తే ఆ పాత వాసన తగులుతుంది. స్పెయిన్‌వాళ్ళకి అలాంటిదేమీ ఉండదు.

జీవ ఔషధాలకి (జీవకణాల నుంచి తయారయ్యే మందులకి) వచ్చే నకళ్ళ విషయంలోనూ ఇదే వరస. ఇండియాలో 2012 మార్గదర్శకాలు వాటిని 'సిమిలర్ బయాలజిక్స్' అన్నాయి. 2007లో రెడిటక్స్ అనే అలాంటి మందు తెచ్చిన డాక్టర్ రెడ్డీస్ మా ఊరి కంపెనీయే కాబట్టి ఈ మాట మాకు చాలా ముందునుంచీ అలవాటు. స్పెయిన్‌లో 'బియోసిమిలార్' అంటారు. మెక్సికో చట్టం మాత్రం 'బియోకొంపరాబ్లే' అంది, అంటే పోల్చదగినది. ఒకే రకం మందు, ఒకే భాష, దేశం మారితే విశేషణం మారింది. స్పెయిన్ ఫైలు కాపీ చేసి మెక్సికోకి పంపేవాళ్ళు ఈ ఒక్క మాట దగ్గర తప్పకుండా ఆగి చూసుకోవాలి.

ఇలాంటి దేశీయ సంగతులకి అకాడమీ నిఘంటువు ఒక్కటే చాలదు. మెక్సికో వాడుకకి ఎల్ కొలేహియో దె మెహికో వాళ్ళ దిక్సియొనారియో దెల్ ఎస్పన్యోల్ దె మెహికో ఉంది, నెట్‌లో ఉచితం. మొత్తం లాటిన్ అమెరికాకి అకాడమీల సంఘం 2010లో తెచ్చిన దిక్సియొనారియో దె అమెరికనీస్మోస్ ఉంది. డబ్బు పెట్టి కొనదలిస్తే మరియా మొలినేర్ వాడుక నిఘంటువు కొనండి. గ్రంథాలయ ఉద్యోగినిగా పనిచేస్తూ, ఎక్కువగా ఇంట్లోనే కూర్చుని ఆవిడ తయారుచేసిన ఆ రెండు సంపుటాలు 1966, 67లలో వచ్చాయి. ఒక భావం చుట్టూ ఉన్న మాటలన్నిటినీ ఒకచోట కుప్పవేసి చూపించడం ఆవిడ పద్ధతి. పోలిక మాటలు నేర్చుకునేవాళ్ళకి దానంత మేలు చేసే పుస్తకం నేను చూడలేదు.

మళ్ళీ అకాడమీ సైటు దగ్గరికి వస్తాను. వాడడం చాలా తేలిక. పెట్టెలో మాట కొట్టాలి, అంతే. ఒత్తుగీతలు పెట్టకపోయినా అర్థం చేసుకుంటుంది. నిర్వచనంలోని ఏ మాట మీద నొక్కినా దాని ఆరోపానికి వెళ్తుంది. సంక్షేపాక్షరాల మీద మౌస్ పెడితే పూర్తి మాట కనబడుతుంది. క్రియల పక్కన రూపావళి మీట ఉంది. 'నేను మా అమ్మ పోలిక' అనడానికి 'మె పరేస్కో ఆ మి మాద్రే' ఎందుకయిందో, 'పరేసో' ఎందుకు కాలేదో అక్కడ చూసుకోవచ్చు. 2023 చివర్లో వచ్చిన సవరణలో పర్యాయపదాలు, వ్యతిరేకపదాలు చేర్చారు. నాలాంటివాళ్ళకి అది పండగ. పర్యాయాలున్న అర్థాల కింద, దేనివి దానికి విడిగా ఉంటాయి. 'పోలిన' అన్న అర్థంలో సెమెహాంతేకి ఒక వరస, 'సాటి మనిషి' అన్న అర్థంలో ఇంకో వరస. అన్నీ కలిపి ఒక మూటగా పడేయలేదు.

మొదటి ఏడాది విద్యార్థికి ఇది కష్టమే, ఆ మాట ముందే చెప్పాలి. నిర్వచనాలన్నీ స్పానిష్‌లోనే. పైగా పోలిక మాటల దగ్గర అవి ఒకదాన్నొకటి పట్టుకుని తిరుగుతాయి: పరెసీదో అంటే పోలి ఉన్నది, పోలి ఉండడం అంటే సెమెహాన్సా (పోలిక) కలిగి ఉండడం, సెమెహాంతే అంటే పోలి ఉన్నది. ఏ ఏకభాషా నిఘంటువైనా ఇంత మౌలికమైన భావం దగ్గర ఇలాగే తిరుగుతుంది, మన శబ్దరత్నాకరం తెరిచినా అంతే. ఈ చుట్టు తప్పించుకోవాలంటే మొదటి అర్థం దగ్గర ఆగకుండా మూలం, చివరి అర్థాలు, ఉదాహరణలు చదవాలి. తేడాలన్నీ అక్కడే ఉన్నాయి.

కొన్ని వాడుకలు మనుషుల దగ్గర వింటేనే బాగా పట్టుబడతాయి. ఒక పిల్లవాడు ముమ్మూర్తులా తండ్రిలా ఉంటే 'ఎస్ క్లవాదో ఆ సు పాద్రే' అంటారు, మేకు కొట్టినట్టు అని. అచ్చు గుద్దినట్టుంటే 'కల్కాదో', అద్దు కాగితం పెట్టి గీసినట్టు. ఇద్దరు ఒకేలా ఉంటే రెండు నీటి బొట్లు అంటారు. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు పిల్లల ఫొటోలు చూపించే కొలంబియా సహోద్యోగికి నేను పరెసీదో దగ్గర ఆగకుండా వీటిలో ఏదైనా అంటే ఎంత మురిసిపోతుందో!

ఎవరికి సిఫారసు చేస్తానంటే, ఒక ఏడాది చదివి చిన్న పేరాలు అర్థం చేసుకోగలిగిన ప్రతి ఒక్కరికీ. అంతకన్నా కొత్తవాళ్ళు మంచి ద్విభాషా నిఘంటువుతో మొదలుపెట్టి, పక్కన దీన్ని అలవాటు చేసుకోవాలి. అనువాదం, మందులు, న్యాయపత్రాల పనిలో ఉన్నవాళ్ళకి ఇది తప్పనిసరి. ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ తగ్గించిన అర విభక్తుల కోసం.

ఆంధ్రభారతి సైటులో బ్రౌణ్యం, సూర్యరాయాంధ్రం లాంటి పాత తెలుగు నిఘంటువుల్ని ఒకేసారి వెతికే అలవాటున్నవాళ్ళకి ఇంకో సంగతి. అదే అకాడమీ సైటులో పాత నిఘంటువుల పుటలు బొమ్మలుగా పెట్టిన నూయెవో తెసోరో లెక్సికొగ్రాఫికో ఉంది. 1713లో పుట్టిన అకాడమీ 1726 నుంచి 1739 దాకా ఆరు సంపుటాలుగా వేసిన మొదటి నిఘంటువు కూడా అందులో చదవొచ్చు. పరెసీదో 1737 నాటి ఐదో సంపుటంలో, సెమెహాంతే 1739 నాటి ఆరో సంపుటంలో ఉంటాయి. ఆ కాలపు పొడుగు 'ఎస్' 'ఎఫ్' లాగా కనబడి మొదట్లో తికమక పెడుతుంది. ఫోన్ తెరమీద అక్షరం బాగా చిన్నది, కంప్యూటర్‌లో చూడడం మేలు.